బాపు పటాల దుకాణం

బాపు అద్దం కోసేటప్పుడు దుకాణంలో ఎవ్వరూ మాట్లాడొద్దు. గ్యాస్‌నూనెలో ముంచిన వజ్రపు మొన కలాన్ని స్కేలు పక్కన ఆనించి, ఊపిరి బిగబట్టి, పైనుంచి కిందికి ఒకటే గీత గీసేవాడు. సర్రుమని చప్పుడు. అదే గీత మీద రెండోసారి కలం పెడితే అద్దం పోయినట్టే. తర్వాత దాన్ని బల్ల అంచు మీదికి జరిపి మెల్లగా వంచితే టక్కుమనేది. ఆ టక్కు వినబడ్డాక బాపు ఊపిరి వదిలేవాడు. మేమూ వదిలేవాళ్ళం. పటం కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా.

వరంగల్ స్టేషన్ రోడ్డు మీద పది అడుగుల దుకాణం మాది. బోర్డు లేదు. 'పటాలు గట్టే వడ్లాయన' అంటే చాలు, రిక్షావాడు తెచ్చి దింపేవాడు. తాత నాగళ్ళు, దర్వాజాలు చేసిన మనిషి. అదే రంపంతో బాపు పట్టీలు కోశాడు. నాలుగు పట్టీలు, నాలుగు మూలలు. మూల కలవకపోతే రంపపు పొట్టులో సరేసు జిగురు కలిపి సందులో కూరి, పైన రంగు పూసేస్తే ఎవరికీ తెలియదు. బాపుకు ఆ విద్య వచ్చు కానీ చేసేవాడు కాదు. కలవని పట్టీని పొయ్యిలోకి పంపేవాడు. మా అమ్మ దాని మీద అన్నం వండుతూ, "ఇయ్యాల ఎన్ని మూలలు తప్పినయ్?" అని అడిగేది.

నా పని మైదాపిండి ఉడకబెట్టడం. అందులో చిటికెడు మైలుతుత్తం వెయ్యాలి, లేకుంటే ఏడాది తిరక్కుండా పురుగు పడుతుంది. 1960ల చివర, బడి నుంచి రాగానే పుస్తకాల సంచి బల్ల కింద పడేసి పిండి కలుపుతూ కూర్చునేవాణ్ణి. ఇప్పటికీ ఎక్కడైనా గ్యాస్‌నూనె వాసన వస్తే ఆ నీలం రంగు పిండి కళ్ళ ముందు మెదులుతుంది.

పటం అన్న మాట మా నాయ్నమ్మకు వేరే అర్థంలో వచ్చు. ఆమె చిన్నప్పుడు ఊళ్ళోకి 'పటం వచ్చింది' అంటే పటం కథవాళ్ళు వచ్చారని. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, గౌండ్లోళ్ళకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడిగెలవాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు. బారెడు బారెడు గుడ్డ మీద కులపురాణం అంతా బొమ్మలుగా వేసి ఉంటుంది. ఆ బొమ్మలు వేసేది చేర్యాల నకాషీలు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, తెల్లమట్టి పూసి, ఎర్రటి నేల మీద పెద్ద పెద్ద కళ్ళవాళ్ళను దించుతారు. రాత్రంతా కథ చెప్పి తెల్లవారి చుట్ట చుట్టుకుని ఎత్తుకుపోతారు. "అది కథ అయినంక పోతది. మీ నాయిన గట్టేది గోడకెక్కితె దిగది" అనేది నాయ్నమ్మ. నకాషీ పటంలో ఎవరు ఎవరో ఒంటి రంగును బట్టి, మీసాన్ని బట్టి, చేతిలో ఉన్నదాన్ని బట్టి పోల్చుకోవాలి. ముఖాలు చాలావరకు ఒకటే అచ్చు. కథ చెప్పేవాడి నోట్లోంచే ఆ ముఖానికి ప్రాణం వచ్చేది.

అచ్చుబొమ్మ అట్లా కాదు. అందులో ఎవరో ఒక మనిషి ఉంటుంది.

నాయ్నమ్మ దగ్గరొక లక్ష్మీదేవి పటం ఉండేది, ఆమె అత్తగారి నాటిది. తామరపువ్వు మీద నిలబడ్డ ఎర్రచీర లక్ష్మి, వెనక ఏనుగు. చీర అంచు పొడుగునా ఎవరో జరీ దారం అంటించి, నగల మీద చెమ్కీలు అతికించారు. కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ప్రెస్సు పేరు. చాలా ఏళ్ళ తర్వాత, ఇంగ్లీషు చదవడం వచ్చి, అది రవివర్మ ప్రెస్సు బొమ్మ అని కనుక్కున్నాను. నాయ్నమ్మకు ఆ పేరుతో పని లేదు. "లచ్చిందేవి గిట్లనే ఉంటది" అనేది. ఆమెకు అది బొమ్మ కాదు, ఫోటో.

ఈ 'గిట్లనే ఉంటది' వెనక ఉన్న కథ తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. 1848లో కేరళలోని కిలిమానూరులో పుట్టిన రవివర్మ రాజుల కొలువుల్లో తైలవర్ణ చిత్రాలు వేసేవాడు. ఒక్కో చిత్రం ఒక్కో మహలులోకి పోయేది, మళ్ళీ బయటికి వచ్చేది కాదు. ఇంతమంది అడుగుతున్నారు, నీ రెండు చేతులు చాలవు, వీటిని అచ్చు వేయించు అని సలహా ఇచ్చినవాడు తిరువాంకూరు దివాన్‌గా చేసిన మాధవరావు. 1894లో బొంబాయి గిర్గాంలో ప్రెస్సు పెట్టారు. యంత్రాలూ జర్మనీవే, నడిపేవాళ్ళూ జర్మన్లే. 1899లో అది లోనావాలా దగ్గరి మాలవ్లీకి మారింది. కొన్నేళ్ళకే అప్పుల బాధకు ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ సాంకేతికుడి చేతికి పోయింది. రవివర్మ 1906లో పోయాడు కానీ ప్రెస్సు ఆగలేదు. 1972లో తగలబడిపోయేదాకా ఉంది. నేను పిండి కలుపుతున్న రోజుల్లో కూడా అది ఉన్నదే. ఆ ముక్క చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

అప్పట్లో ఊరి చివరి వాడల నుంచి వచ్చి దేవుడి బొమ్మలు కొనేవాళ్ళు ఎక్కువ. వాళ్ళ ఊరి గుడిలోకి వాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. గర్భగుడిలో దేవుడు నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో చూడని మనుషులు, ముప్పావలా పెట్టి అదే దేవుణ్ణి నాలుగు రంగుల్లో సంకన పెట్టుకుపోయేవాళ్ళు. ఒకామె మాత్రం అద్దం బిగించక ముందు బొమ్మ పాదాల మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అట్లాగే ఉండిపోయింది. బాపు తొందరపెట్టలేదు. ఆమె చెయ్యి తీశాకే గుడ్డతో తుడిచి అద్దం పెట్టాడు.

ఆ ప్రెస్సుల్లో బొమ్మ ఎట్లా పుడుతుందో నేను రాయి మీద చూశాను. మండీబజార్‌లో ఒక చిన్న ఉర్దూ ఛాపాఖానా ఉండేది. పటాల వెనక అట్టకూ బొమ్మకూ మధ్య వేసే కాగితాల కోసం బాపు నన్ను అక్కడికి పంపేవాడు. పాడైపోయిన షాదీ రుక్కాలు కట్టకు ఇంతని తూకం వేసి ఇచ్చేవాళ్ళు. అందుకే మా వరంగల్లో చాలా ఇళ్ళలో వెంకటేశ్వరస్వామి వీపుకు ఉర్దూ పెళ్ళిపత్రికలు ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఆ ప్రెస్సు చాచాకు నేను రావడం ఇష్టం. బనియను నిండా నల్లమరకలు, నోట్లో జర్దా. "దేఖో బేటా" అని మొదలుపెట్టి మళ్ళీ తెలుగులోకి వచ్చేవాడు. బల్ల మీద లేత పసుపు రంగు రాయి, జానెడు మందం. ఇద్దరు పడితే గాని లేవదు. "జర్మనీ రాయి" అనేవాడు గర్వంగా. కాతిబు, అంటే చేత్తో అక్షరాలు రాసేవాడు, పసుపు పూసిన కాగితం మీద జిడ్డు సిరాతో రాసి ఇచ్చేవాడు. దాన్ని రాయి మీద బోర్లించి యంత్రంలో నొక్కితే అక్షరం రాయిలోకి దిగుతుంది, అద్దంలో చూసినట్టు ఎడమ కుడై. తర్వాత తుమ్మబంకలో బొట్టు తేజాబ్, అంటే యాసిడ్, కలిపి పూయడం. ఇక ప్రతి కాగితానికీ ముందు తడిగుడ్డతో తుడవాలి, తర్వాత సిరా రోలరు దొర్లించాలి. జిడ్డు ఉన్న చోట నీళ్ళు నిలవవు, నీళ్ళు ఉన్న చోట సిరా అంటదు. చెక్కడం లేదు, గాడి లేదు, వేలితో తడిమితే అంతా నునుపే. అయినా రోలరు పోయిన చోటల్లా అక్షరాలు నల్లగా లేచేవి. నాకు అది మంత్రంలాగే ఉండేది.

ఈ మంత్రం 1796 ప్రాంతంలో మ్యూనిక్‌లో అలోయిస్ సెనెఫెల్డర్ అనే నాటకాలు రాసుకునేవాడికి దొరికింది. తన నాటకాలు అచ్చు వేయించుకునే స్తోమత లేక సొంతంగా ఏవో ప్రయోగాలు చేస్తున్నాడు. ఒకరోజు తల్లి చాకలి పద్దు రాయమంటే కాగితం దొరక్క, మైనం, సబ్బు, మసి కలిపిన తన సిరాతో చేతికందిన రాయి మీద రాశాడట. అక్కడి నుంచి మొదలు. ఆ రాయి బవేరియాలోని సోల్న్‌హోఫెన్ గనులది, సున్నపురాయి. రెక్కల తొలిపక్షి ఆర్కియోప్టెరిక్స్ శిలాజం బయటపడ్డది కూడా ఆ గనుల్లోనే, 1861లో. నీళ్ళనూ నూనెనూ రెండింటినీ సమానంగా పీల్చుకునే గుణం ఆ రాయిది. మన కరీంనగర్ గ్రానైట్ ఎంత మెరిసినా దీనికి పనికిరాదు.

1820ల్లోనే ఈ విద్య మన దేశానికి వచ్చింది. తెలుగుకు సీసపు అక్షరాలు కుదిరాయి గానీ, ఉర్దూ నస్తాలిఖ్ అక్షరం ఏటవాలుగా ఒకదాని మీదికి ఒకటి ఒరుగుతూ పోతుంది. కలిసిన చోటల్లా రూపు మారుతుంది. అందుకే ఉర్దూ వాళ్ళు కాతిబు చేతినీ, రాతినీ అంతకాలం విడవలేదు.

చాచా దగ్గర నాకు బాగా గుర్తున్నది ఎలక్షన్ రోజులు. 1967లో అనుకుంటాను. ఇద్దరు అభ్యర్థుల వాల్‌పోస్టర్లూ అక్కడే వేశారు. రాయి మీద ముఖం, కింద గుర్తు. ఎలక్షన్ అయ్యాక నేను పోయేసరికి చాచా ఒక రాయి మీద ఇసుక, నీళ్ళు చల్లి, ఇంకో రాయిని దాని మీద బోర్లించి గుండ్రంగా రుద్దుతున్నాడు. పాత బొమ్మ పోవాలంటే అదే పద్ధతి. ఓడిపోయినాయన ముక్కు అప్పటికే పోయింది, మీసం పోతోంది. "ఓడిపోయిండని రుద్దుతున్నవా చాచా?" అంటే నవ్వి, "పైన ఉన్న రాయి ఎవలిదనుకున్నవ్? గెలిచినాయనదే" అన్నాడు.

రంగుల బొమ్మకు రంగుకొక రాయి కావాలి. పసుపు ఒకటి, ఎరుపు ఒకటి, నీలం ఒకటి, చర్మం రంగుకు మళ్ళీ రెండో మూడో. ఒకే కాగితం అన్ని రాళ్ళ మీదా పడి లేవాలి, వెంట్రుకవాసి జరగకూడదు. మా దుకాణానికి వచ్చే నాటికి రాయి పోయి రేకు వచ్చింది, బొమ్మలు శివకాశి నుంచి ఆఫ్‌సెట్‌లో వచ్చేవి. అక్కడా నీళ్ళూ జిడ్డూ పంచాయితీయే. జరగడం కూడా అట్లాగే జరిగేది. కట్టలో పది బొమ్మలకు ఒకదానిలో అమ్మవారి బొట్టు కనుబొమ్మ మీదికి పోయేది, పెదవుల ఎరుపు గడ్డం మీదికి దిగేది. బాపు వాటిని వేరు చేసి సగం ధరకు పెట్టేవాడు. ఎంత లేనివాళ్ళైనా బొట్టు జరిగిన అమ్మవారిని మాత్రం తీసుకోరు. పెదవి జరిగితే పర్వాలేదు.

పాత పటాలు మళ్ళీ కట్టించుకోవడానికి వచ్చినప్పుడే అసలు తమాషా. అట్ట విప్పితే లోపల ఇంకో బొమ్మ. పటం పాతదైతే బొమ్మ తీసేయరు కదా, దాని ముందర కొత్తది పెట్టి బిగిస్తారు. హన్మకొండ నుంచి వచ్చిన ఒక పెద్ద పటంలో ముందు నెహ్రూ, ఆయన వెనక గాంధీ, గాంధీ వెనక తలపాగా పెట్టుకున్న ఏడో నిజాం. ఉస్మాన్ అలీఖాన్ గోడ మీంచి దిగింది 1948 సెప్టెంబర్‌లో. దిగి ఎక్కడికీ పోలేదు, రెండు అంగుళాలు వెనక్కి జరిగాడు. ఇంకో ఊరి పటంలో దీనికి తలకిందులు. ముందు రాముడి పట్టాభిషేకం, వెనక గాంధీ. నిజాం రాజ్యంలో స్టేట్ కాంగ్రెస్ మీద నిషేధం ఉన్న కాలంలో దాచిపెట్టుకున్నదట. తెచ్చిన ముసలాయన, "మా నాయిన పొద్దున లేసి రామునికి మొక్కుతుండె. ఎవలికి మొక్కిండో ఇప్పుడు తెలిసె" అని పడీపడీ నవ్వాడు.

ఆ బొమ్మలు తీసి పడేద్దామా అంటే బాపు ఒప్పుకోలేదు. ఏ వరసలో వచ్చాయో అదే వరసలో మళ్ళీ పెట్టి బిగించాడు.

1978లో ఒక పడుచు పిల్లగాడు చుట్ట చుట్టిన అంబేద్కర్ బొమ్మ పట్టుకుని వచ్చాడు. నీలం కోటు, ఎర్ర టై, కళ్ళద్దాలు. నర్సంపేట వైపు ఊరు. "కాకా, దీనికి ఎంత పెద్ద పట్టీ పడుతదో గంత పెద్దది కట్టు" అన్నాడు. ఈ సైజు బొమ్మకు ఇంత పట్టీ చాలు, పెద్దది పెడితే బొమ్మ కనబడదు, డబ్బులు దండగ అని బాపు చెప్పి చూశాడు. పిల్లగాడు వినలేదు. చివరికి అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ ఊరి గడిలో దొర తాతది పెద్ద పటం ఉంది, షేర్వానీ, తలపాగా, చేతికర్ర. కూలి డబ్బుల కోసం పోయినప్పుడల్లా వాకిట్లో నిలబడి చూసింది అదే పటం. "దానికన్న బెత్తెడు పెద్దగుండాలె."

బాపు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పాత లెక్కల పుస్తకం తీసి వెనక్కి వెనక్కి తిప్పాడు. ఆ గడి పటం కట్టింది మా దుకాణమే. కొలత ఉంది. దానికి ఒక్కో వైపు నాలుగు వేళ్ళు కలిపి పట్టీలు కోశాడు. బొమ్మ చుట్టూ మిగిలిన ఖాళీకి తెల్ల అట్ట పెట్టాడు. పట్టీల లెక్క చిన్న సైజుకే కట్టాడు. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మతో అన్నాడు: "గా దొర పటానికి మూల ఒకటి తప్పింది. అప్పుడే చూసిన. దీనికి తప్పలే." ఆయన ఏ మూలైనా తప్పనిచ్చాడని ఒప్పుకోవడం నేను విన్నది అదొక్కసారే.

ఇక మేడారం సంగతి. రెండేళ్ళకోసారి మాఘ పున్నానికి జాతర. ఆ ఏడాది సంక్రాంతి నుంచే మా దుకాణంలో 'మేడారం మాల్' దిగేది. ఇద్దరమ్మల బొమ్మలు, పులి, వెనక అడవి, మెళ్ళో నగలు, మెరిసే కిరీటాలు. తెలిసినవాళ్ళకు తెలుసు, మేడారంలో విగ్రహం లేదు. చిలకలగుట్ట మీంచి సమ్మక్క కుంకుమభరిణ రూపంలో దిగుతుంది. గద్దె మీద ఉండేది వెదురు, పసుపు, కుంకుమ, బెల్లం. ముఖం లేని తల్లికి శివకాశిలో ఎవరో ముఖం పెట్టారు. ఆయన ములుగు అడవి చూసి ఉండడు. సినిమా హీరోయిన్నో, పక్కింటి పిల్లనో చూసి వేసి ఉంటాడు.

ఒకసారి ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చిన కోయ పెద్దాయన దుకాణం ముందు ఆగాడు. ఆ బొమ్మను చేతిలోకి తీసుకోకుండా, నడుం వంచి, చాలాసేపు చూశాడు. "గీమె ఏ ఊరామె?" అని అడిగాడు.

"సమ్మక్క తల్లి పెద్దయ్యా" అన్నాడు బాపు.

ఆయన మళ్ళీ చూశాడు. బాపు ముఖం చూశాడు. ఏమీ అనకుండా పోయాడు. బాపుకు ఆ పూటంతా పని సాగలేదు. రెండు జాతరలు గడిచాక ఆ పెద్దాయన కొడుకునని చెప్పుకుంటూ ఒకాయన వచ్చి, అదే బొమ్మ అద్దంతో సహా కట్టించుకుపోయాడు. ఇప్పుడు ఆ ముఖమే ఊరూరా గద్దెల మీద సిమెంటు విగ్రహాలకు కూడా ఎక్కింది. నా మనవరాలిని సమ్మక్క బొమ్మ వెయ్యమంటే పులి, కిరీటం వేస్తుంది. కుంకుమభరిణ వెయ్యదు.

ఫ్లెక్సీలు వచ్చాక మా పని ఎట్లా పోయిందో వేరే చెప్పేదేముంది. ఇప్పుడు చౌరస్తాలో నిలబడితే పుట్టినరోజు చేసుకునే కుర్రాడి ముఖం నా ఒడ్డూ పొడుగూ ఉంటుంది. వానకు నాని, వారానికి చిరిగి, కూరగాయల బండి మీద ఎండకు అడ్డంగా కడతారు. చాచా ఇసుక రాయి కొంచెం మర్యాదగానే ముఖం తుడిచేది.

నాయ్నమ్మ 1979లో పోయింది. ఊరందరి పెద్దలకూ పటాలు కట్టిన మనిషి దగ్గర కన్నతల్లి ఫోటో లేదు. ఉన్న ఒక్క గ్రూపు ఫోటోలో ఆమె కొంగు మొఖం మీదికి లాక్కుంది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. లక్ష్మీదేవికి లేని భయం ఆమెకు ఎందుకో. పదకొండో రోజుకు పటం లేకపోతే ఎట్లా అని చుట్టాలు బాపును తినేశారు. చివరికి ఎన్‌లార్జిమెంట్లు గీసే ఆర్టిస్టు దగ్గరికి పోయాడు. అట్లాంటి వాళ్ళకు ఇది రోజూ ఉండే బేరమే. "ఎవలి పోలిక?" అని అడిగాడట. మా పెద్దత్తది అచ్చం తల్లి పోలిక. అత్త చిన్న ఫోటో ఒకటి ఇచ్చి వచ్చాడు. ఆర్టిస్టు దానికి ముడతలు గీసి, జుట్టు తెల్లగా చేసి, మెడలో పుస్తెలు తీసి, నుదుట బొట్టు చెరిపి ఇచ్చాడు. తాత అంతకు పదేళ్ళ ముందే పోయాడు కాబట్టి అట్లా ఇవ్వడమే పద్ధతి.

బాపు దానికి టేకు పట్టీ కట్టాడు. ఆ రోజు అద్దం కోస్తుంటే ఆయన చెయ్యి తప్పింది. రెండు అద్దాలు పోయాయి.

పదకొండో రోజు అందరూ దండం పెట్టుకుంటుంటే పెద్దత్త వచ్చి పటం ముందు నిలబడింది. కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"తమ్మీ, బతికుండంగనే నన్ను పటం గట్టి ఏలాడదీసినవారా?"

ఎవరికీ నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బాపు తల వంచుకున్నాడు. మామ అక్కడే కుర్చీలో గట్టిగా బతికే ఉన్నాడు. అత్త దేవుడి గూట్లోకి పోయి కుంకుమ తెచ్చి, అద్దం మీద, సరిగ్గా నుదురు వచ్చే చోట, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది. "అమ్మకు లేకపోతె లేకపాయె. నా మొఖానికి బొట్టు లేకుంటె మీ బావ ఊకుంటడా" అన్నది.

ఆ పటం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. దసరాకు అద్దం తుడిచి మా ఆవిడ మళ్ళీ బొట్టు పెడుతుంది. పిల్లలకు నాయ్నమ్మ అంటే ఆ ముఖమే. నిజం చెప్పాలంటే నాకు కూడా ఇప్పుడు అదే గుర్తుకొస్తుంది, చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిరిగిన ముఖం వెతికినా దొరకడం లేదు. అత్త పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆమెకు వేరే పటం కట్టలేదు.